రత్నం పెట్టిన పన్నెండు చుక్కలు

1. సోమవారం

వార్డులో ఏం చేశామో, ఏం నేర్చుకున్నామో రోజూ రాసుకోమని మార్తమ్మ సిస్టర్ చెప్పింది. ఎవరూ చదవరట. చదవరంటేనే నాకు రాయడానికి ధైర్యం వచ్చింది.

నా పేరు లోకనాథం. చక్రంలోనే పుట్టాను. మా తాతల తరం వాళ్ళు దీన్ని ఆకాశంలో కట్టి, ఎడ్లబండి చక్రంలా ఉందని దాని భాగాలకి బండి పేర్లే పెట్టుకున్నారు. మేం కాపురాలుండే అంచు పట్టా. నడిమధ్యది ఇరుసు. రెండింటినీ కలిపేవి ఆకులు. చక్రం తిరుగుతుంటేనే మాకు బరువు. ఆగితే మేమూ, గిన్నెలూ, అన్నం మెతుకులూ అన్నీ గాల్లో తేలతాం.

మొన్నటిదాకా వార్డులో మందు పంపులుండేవి. రోగిని పడుకోబెడితే పంపే బరువు చూసుకునేది, లెక్క కట్టుకునేది, నరంలోకి మందు ఎక్కించేది. మీటలు నొక్కడమే మా పని. అందులో నాకు మంచి పేరుండేది. రత్నాన్ని వార్డులో చేర్పించిందీ, ఏ మీట ఎప్పుడు నొక్కాలో నేర్పిందీ నేనే. రత్నం మా మేనమామ కూతురు, నా భార్య.

ఆ తర్వాత సూర్యుడు తుమ్మాడు. సౌర తుపానుని ఇక్కడందరూ అలాగే అంటారు. ఆ తుమ్ముకి చక్రంలో దీపాలన్నీ ఆరాయి, మళ్ళీ వెలిగాయి. పంపులు మాత్రం మళ్ళీ లేవలేదు. ఇప్పుడు పాత గిడ్డంగిలోంచి సీసాలు, గొట్టాలు దింపి చేత్తో మందు ఎక్కించాలి. అది తెలిసిన మనిషి చక్రం మొత్తానికి మార్తమ్మ సిస్టర్ ఒక్కతే మిగిలింది. అందుకే ఈ క్లాసు.

సిస్టర్ బోర్డు దగ్గర నిలబడి, "అరవై కిలోల మనిషి. బి.పి. పడిపోయింది. నిలబెట్టే మందు కిలోకి నిమిషానికి ఐదు మైక్రోగ్రాములు ఎక్కాలి. సీసాలో మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము మందుంది. గంటకి ఎన్ని మిల్లీలీటర్లు వదలాలి?" అని అడిగింది.

నేను ఐదుని అరవైతో హెచ్చించి మూడు వందలని రాసుకున్నాను. ఆ మూడు వందలతో ఏం చెయ్యాలో తెలియక పలక వైపు చూస్తున్నాను.

"పద్దెనిమిది," అంది నా పక్కన కూర్చున్న రత్నం.

"ఎలాగ?" అంది సిస్టర్.

"ఐదరవైలు మూడొందలు సిస్టర్. అది నిమిసానికి. గంటకి అరవై రెట్లు, పద్దెనిమిదేలు. ఎయ్యి మైక్రోలు కలిస్తే ఒక మిల్లీ గదా. అంటే పద్దెనిమిది."

"చుక్కల్లో చెప్పు."

"ఈ సన్న గొట్టంలో అరవై సుక్కలు పడితే ఒక మిల్లీలీటరన్నారు. గంటకి పద్దెనిమిదంటే నిమిసానికి కూడా పద్దెనిమిది సుక్కలే."

మార్తమ్మ సిస్టర్ సుద్దముక్క కింద పెట్టి, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

ఏళ్ళ తరబడి ఆ వార్డులో ఉన్నాను. ఆవిడ నా పేరు ఒక్కసారి కూడా అడగలేదు.

2. బుధవారం

ఇంట్లో నీళ్ళ వంతు నాది, ట్రేలలో ఆకుకూర కోయడం రత్నానిది, వంట ఎవరు ముందొస్తే వాళ్ళది. ఇవాళ నేను ముందొచ్చాను. కూరలో ఉప్పు వేస్తుంటే రత్నం వస్తూనే అడిగింది.

"బావా, నీ బరువెంత?"

"అరవై ఎనిమిది. ఏం?"

"నీకు బి.పి. పడిపోతే ఇరవై సుక్కలు. ఆ పైన కూసింత," అని నవ్వింది. దారిలో ఎదురైన వాళ్ళందరికీ ఇలాగే చుక్కలు కట్టుకుంటూ వచ్చిందట. పక్కింటాయనకి పదిహేను. నీళ్ళు పంచే లావుపాటి ఆవిడకి ఇరవై ఏడు. ఆమెకి అదొక ఆట. నాకు అదే లెక్క తలలో మేకు దిగ్గొట్టినట్టుంటుంది.

"నేనెప్పుడు పడతానా అని చూస్తున్నావా ఏం?" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఓపాలి కూకో బావా. నీకెక్కడ తిరకాసుగా ఉందో సెప్పు, సులువు సెప్తాను," అంది.

"నాకు నువ్వు చెప్పేదేంటి? నీకు ఈ పని నేర్పింది ఎవరు?"

రత్నం కంచాలు పెట్టింది. నేను తిని లేచి, స్నానాల గదిలో తలుపేసుకుని తడి వేలితో గోడ మీద లెక్కలు కట్టాను. ఐదులో మూడు తప్పాయి. తడి ఆరిపోతే తప్పులు కూడా కనపడవు, అదొక్కటే సుఖం.

3. శనివారం

పరీక్ష పెట్టారు. రత్నానికి అన్నీ వచ్చాయి. నాకు ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. నాకది గొప్పే. ఆ తప్పిన ఒక్క లెక్కనీ సిస్టర్ అందరి ముందూ చదివింది.

"ఎనిమిది కిలోల బిడ్డ. కిలోకి పాయింట్ ఒకటి మిల్లీగ్రాము. లోకనాథం ఎనిమిది మిల్లీగ్రాములు ఇచ్చాడు. ఎంత ఇవ్వాలి?"

"పాయింట్ ఎనిమిది," అన్నారు అందరూ.

"మరైతే బిడ్డ ఏమైంది?"

సిస్టర్ కాగితం నా చేతిలో పెట్టి, "చుక్క ఎక్కడ పెట్టాలో తెలియకపోతే సీసా ముట్టుకోకు నాయనా," అంది. తిట్టినా బాగుండేది.

రత్నాన్ని అప్పటికప్పుడు వార్డు డ్రిప్పుల మీద వేసింది. నన్ను ఆమె తర్వాతి షిఫ్టులో, ఆమె పెట్టిన చుక్కలు అలాగే పడుతున్నాయో లేదో కాపలా కాయడానికి వేసింది.

భోజనాల హాల్లో వడ్డించే అతను నన్ను చూసి, "తమరు రత్నంగారి ఆయన కదండీ?" అని ఇంకో గరిటె పప్పు వేశాడు. ఆ పప్పు మింగుడుపడలేదు. పక్క బల్ల దగ్గర ఒకావిడ రత్నం గురించి గొప్పగా చెబుతుంటే మాత్రం ఒక్క క్షణం నా ఒళ్ళు పులకరించింది. నా పెళ్ళాం అనుకున్నాను. మరుక్షణం మళ్ళీ మంట. ఈ రెండూ ఒకే కడుపులో ఎలా ఇముడుతున్నాయో నాకే తెలియదు.

4. మంగళవారం

ఇరుసులో బేరింగు అరిగిపోయిందట. మార్చడానికి చక్రాన్ని నెమ్మదింపజేస్తారు. ఆ పని అయ్యేదాకా పట్టా మీద అందరి బరువూ మూడింట రెండు వంతులకి దిగిపోతుంది.

మార్తమ్మ సిస్టర్ మమ్మల్ని తూకం మిషను చుట్టూ నిలబెట్టింది. అది స్ప్రింగు తూకం.

"చక్రం నెమ్మదిస్తే తూకం తగ్గుతుంది. మీ ఒళ్ళు తగ్గుతుందా?"

"తగ్గదు సిస్టర్."

"మందు ఇచ్చేది ఒంటికి. తూకానికి కాదు. అరవై కిలోల మనిషి ఆ రోజుల్లో నలభై తూగుతాడు. మిషను ఎంత చూపిస్తే అంతకి సగం కలుపుకోండి. నలభైకి ఇరవై కలిపితే అరవై. మర్చిపోయారో, మందు చాలక మనిషి పోతాడు."

నేను దీన్ని చేతి మీద రాసుకున్నాను. సగం కలపాలి, సగం కలపాలి అని రోజంతా జపం చేశాను. ఇది ఎవరు మర్చిపోయినా నేను మర్చిపోను. రత్నం మర్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఎవరూ చదవరు కదా, రాస్తున్నాను.

5. శుక్రవారం

నిన్న పొద్దున్న చక్రం నెమ్మదించింది. పిల్లలు ఎగిరి గుమ్మాల పైకమ్ములు తాకుతున్నారు. మెట్లు దిగేటప్పుడు కాలు ఆలస్యంగా ఆనుతోంది. గ్లాసులో నీళ్ళు పోస్తే అంచు దాటి కుప్పగా లేస్తున్నాయి.

వార్డులోకి తవిటమ్మ వచ్చింది. ఇరుసు దగ్గర పనిచేసే మనిషి. చేతికి ఇనుప ముక్క గీరుకుని, ఆ విషం ఒళ్ళంతా పాకింది. జ్వరం ఎక్కింది, బి.పి. నేలకి దిగిపోయింది. అంత జ్వరంలోనూ నన్ను చూసి, "ఏటి బాబూ, మొకం అలా మాడ్సుకున్నావు? రోగం నీకా నాకా?" అంది. తూకం వేసిన ఆయా మంచం పలక మీద నలభై అని రాసి వెళ్ళింది. డ్రిప్పు పెట్టడం రత్నం వంతు.

మధ్యాహ్నం తిండి దగ్గర రత్నం ఏదో హుషారుగా ఉంది. ముద్ద నోట్లో పెట్టుకోకుండానే మొదలుపెట్టింది.

"బావా, గొట్టంలో సుక్కలు సూసావా? నానివాళ గ్లాసు పట్టి సూస్తే..."

"తినేటప్పుడు కూడా పాఠాలేనా?" అన్నాను. "నీ షిఫ్టు నువ్వు చూసుకో. నా షిఫ్టు నేను చూసుకుంటాను."

"అది కాదు బావా, నీ సిప్టుకి కూడా..."

"రత్నం!"

చుట్టుపక్కల వాళ్ళు తలలు తిప్పారు. ఆమె ముఖం ఎర్రబడింది. కంచం పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

6. అదే రోజు

పైది తిండి తర్వాత రాసుకున్నాను. ఇది ఇప్పుడు రాస్తున్నాను.

భోజనం తర్వాత నా షిఫ్టు మొదలైంది. రత్నం నాతో ముక్తసరిగా, "తవిటమ్మకి బి.పి. నిలబడింది. పన్నెండు సుక్కలు," అని చెప్పి గొట్టాలు కడగడానికి పక్క గదిలోకి వెళ్ళింది. నేను అలాగే అన్నాను.

గడియారం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. నిజమే, నిమిషానికి పన్నెండు. పలక వైపు చూశాను. తూకం నలభై. నలభైని ఐదుతో, ఆపైన అరవైతో హెచ్చిస్తే పన్నెండు వేలు. వెయ్యితో భాగిస్తే పన్నెండు.

సగం కలపలేదు!

నా గుండె ఝల్లుమంది. భయంతో కాదు. సంతోషంతో. రత్నం మర్చిపోయింది. ఐదరవైలు మూడొందలని గడగడా చెప్పే రత్నం, నేను చేతి మీద రాసుకున్న ముక్క మర్చిపోయింది. తవిటమ్మకి ఎక్కాల్సినవి పద్దెనిమిది చుక్కలు, ఎక్కుతున్నవి పన్నెండు.

పక్క గదిలో నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంది. రత్నం అని పిలిస్తే వచ్చేది. పిలవలేదు. పిలిస్తే ఆమే దిద్దుకుంటుంది, ఎవరికీ తెలియకుండా పోతుంది. అటుగా వెళ్తున్న ఆయాని ఆపి, "మార్తమ్మ సిస్టర్‌ని ఒకసారి రమ్మను. రత్నం లెక్క తప్పింది, వచ్చి చూడమను," అన్నాను. అప్పుడు గొట్టాన్ని నొక్కి ఉంచే రోలర్ తిప్పి చుక్కల్ని పద్దెనిమిదికి పెంచాను.

కుర్చీలో కూర్చుని సిస్టర్ ఏమంటుందో ఊహించుకుంటున్నాను. చుక్క ఎక్కడ పెట్టాలో తెలియనివాడన్నావే, చూశావా అనుకుంటున్నాను. కొద్దిసేపు అలా గడిచాక తవిటమ్మ కదిలింది.

"బాబూ, తలకాయ పగిలిపోతంది."

"మందు ఎక్కుతోంది కదా, సర్దుకుంటుంది."

"గుండె డప్పులాగ కొట్టేస్తంది బాబూ. ఇదేటో బాగోలేదు."

నాడి చూశాను. వేళ్ళ కింద గుర్రం పరుగెత్తినట్టుంది. బి.పి. పట్టీ చుట్టి చూస్తే అంకె పైకి ఎక్కడికో పోయింది. తవిటమ్మ పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. ఈ బరువు తక్కువ రోజుల్లో అది కూడా నెమ్మదిగా, వింతగా నేల మీదికి జారింది.

లెక్క మళ్ళీ కట్టాను. పద్దెనిమిదే. ఇంకోసారి కట్టాను. పద్దెనిమిదే. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. మనిషి మాత్రం నా కళ్ళముందే పోతోంది.

తవిటమ్మ నా మణికట్టు పట్టుకుని, "ఆ పిల్లని పిలు బాబూ," అంది.

అప్పుడు అరిచాను. "రత్నం! రత్నం, ఇలా రా!"

తడిచేతులతో వచ్చింది. నన్ను చూడలేదు, తవిటమ్మని చూడలేదు, ముందు గొట్టంలో చుక్కని చూసింది. నేరుగా రోలర్ బిగించి మందు పూర్తిగా ఆపేసింది. తవిటమ్మ తల ఎత్తి పట్టుకుని, సొంత అక్కని పిలిచినట్టు, "ఏం కాదు అప్పా, ఏం కాదు, ఊపిరి తీసుకో," అంటూ నాడి మీద వేళ్ళు పెట్టి కూర్చుంది.

ఆ మందుకి ఒకటే మంచి గుణం. ఎంత వేగంగా ఎక్కుతుందో అంత వేగంగా దిగుతుంది. గుర్రం నెమ్మదించింది. అంకె కిందికి వచ్చింది. మరీ కిందికి జారకముందే రత్నం రోలర్ మళ్ళీ తెరిచి, గడియారం చూసుకుంటూ పన్నెండు చుక్కలు పెట్టింది.

"సగం కలపలేదు కదా నువ్వు?" అన్నాను.

"కలిపినాను. అరవై కిలోలే. గంటకి పద్దెనిమిది మిల్లీలీటర్లే ఎక్కతన్నాయి." ఆమె సన్నటి కొలత గ్లాసు తెచ్చి నీళ్ళ సీసా తగిలించిన ఇంకో గొట్టం కింద పట్టింది. "ఇటు సూడు. కిందికి లాగే బరువు తగ్గిపోయింది గదా, సుక్క ఊడిపడకుండా ఏలాడతంది. ఏలాడినంతసేపూ లావెక్కతంది. అరవై సుక్కలకి నిండాల్సింది నలభై సుక్కలకే నిండిపోతంది. అందుకే సుక్కలు తగ్గించినాను."

చూశాను. గొట్టం చివర చుక్క నిండు గర్భిణిలా వేలాడి వేలాడి పడింది. షిఫ్టు ఎక్కినప్పటినుంచీ నా కళ్ళముందే పడుతోంది. నేను చుక్కల్ని లెక్కపెట్టాను, చుక్కని చూడలేదు. పద్దెనిమిది లావుపాటి చుక్కలంటే మందు ఒకటిన్నర రెట్లు.

అప్పుడు మార్తమ్మ సిస్టర్ వచ్చింది. రత్నం లెక్క తప్పిందని కబురు పెట్టింది నేనే కదా. మంచం, నేల, మా ముఖాలు చూసి, "ఎవరి లెక్క తప్పింది?" అంది.

నన్ను కాపాడడానికి రత్నం ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. మొగుణ్ణి కదా.

"సుక్కల సంగతి పొద్దున్నే మీకు సెప్పినాను సిస్టర్. సాయంత్రం కళాసులో అందరికీ సెప్తానన్నారు. ఈలోపు బావ పద్దెనిమిదికి పెంచినాడు. నానొచ్చి ఆపినాను," అంది.

నిజం. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. దానిక్కూడా నాకు కోపం వచ్చింది.

7. ఆదివారం

తవిటమ్మ లేచి కూర్చుని గంజి తాగింది. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడి, నా వల్లే అలా అయిందని చెప్పాను.

"తెలుసు బాబూ. అంత జరంలోనూ సెవులు పనిసేసినాయి," అంది. "నీ ఆడదాన్ని పిలడానికి నీకంత కట్టమైపోయిందేటి?"

గంజి గిన్నె కడిగి తెచ్చాను.

ఇంట్లో రెండు రోజులుగా మాటల్లేవు. ఇవాళ నీళ్ళు మోసుకొచ్చి పెడుతుంటే రత్నమే మొదలుపెట్టింది.

"లెక్క తప్పడం తప్పు కాదు బావా. నాకూ తప్పుద్ది. నాను పక్క గదిలోనే ఉన్నాను."

"తెలుసు."

"ఇదేటే ఇలా పెట్టినావని అడగొచ్చు గదా. సిస్టర్‌కి కబురెట్టినావు. నా తప్పు కోసం సూసినావు గాని తవిటమ్మప్ప కోసం సూడ్నేదు."

బిందె చేతిలోనే ఉండిపోయింది. ఇంత బరువు తక్కువ రోజుల్లో కూడా బరువుగానే ఉంది.

"కుళ్ళు రత్నం," అన్నాను. "నీ మీద కుళ్ళు. నువ్వు లెక్క చెప్పిన మొదటి రోజునుంచీ."

"అది నాకు తెల్దేటి?" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాకు లెక్కలొచ్చినందుకు నానేటి సెయ్యను? రానట్టు నటించమంటావా?"

నటించు అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

8. బుధవారం

మార్తమ్మ సిస్టర్ నన్ను డ్రిప్పుల మీదనుంచి తీసేసింది. కొలత గ్లాసు ఇచ్చి వార్డు మూల కూర్చోబెట్టింది. ఇరుసు పని అయిపోవచ్చింది. చక్రం వేగాన్ని కొద్దికొద్దిగా మళ్ళీ పెంచుతారు. వేగం మారినప్పుడల్లా చుక్క లావు మారుతుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు గ్లాసు పట్టి, మిల్లీలీటరుకి ఎన్ని చుక్కలో చూసి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు నేను.

మొన్న శుక్రవారం సాయంత్రం క్లాసులో చుక్క పాఠం రత్నమే చెప్పింది. ఇప్పుడు అందరూ దాన్ని రత్నం కొలత అంటున్నారు. "రత్నం కొలత చూశావా?" అని నన్నే అడుగుతున్నారు. చూస్తున్నాను బాబూ, పొద్దస్తమానం అదే చూస్తున్నాను.

9. శుక్రవారం

వేగం పెరగడం మొదలైంది. తవిటమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ రత్నానికి దండం పెట్టి, నా భుజం మీద ఒకటి చరిచింది.

ఇవాళ మంచాలన్నీ నిండాయి. రత్నం ఒక్కతే అటూ ఇటూ పరుగు. మూడో మంచం ముసలాయనకి ఉన్నట్టుండి బి.పి. పడిపోయింది. అసలు బరువు యాభై కిలోలు. అప్పుడే చక్రం వేగం ఇంకో మెట్టు పెరిగి, కాళ్ళ కింద నేల కాస్త గట్టిపడినట్టయింది. అంటే పొద్దుటి అంకె పనికిరాదు.

నేను గ్లాసు పట్టి కొత్త చుక్కలు లెక్కపెట్టాను. అవతల ఆయన కళ్ళు తేలేస్తున్నాడు. రెండోసారి కొలవడానికి వ్యవధి లేదు.

"బావా, ఎంత?" అని అరిచింది రత్నం వార్డు ఆ చివరనుంచి.

"నలభై నాలుగు!"

ఒక్క క్షణం ఆగుతుందనుకున్నాను. వచ్చి గ్లాసు చూస్తుందనుకున్నాను. నేను తవిటమ్మకి చేసిన పని తర్వాత ఎవరైనా చూస్తారు. కనీసం తల తిప్పి నా ముఖమైనా చూస్తుందనుకున్నాను.

"అయితే పదకొండు," అని తనలో తను అనుకుంటూ రోలర్ తిప్పేసింది.

నేను మనసులో కట్టుకున్నాను. యాభై కిలోలకి గంటకి పదిహేను మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి పావు. నలభై నాలుగులో పావు పదకొండు. సరిపోయింది. కాసేపటికి ముసలాయన కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగాడు.

ఆమె స్థానంలో నేనుండి, నా స్థానంలో ఆమె ఉంటే? ఆమె చెప్పిన అంకెని నా గ్లాసుతో మళ్ళీ కొలుచుకునేవాణ్ణి. ఆయన పోయినా సరే, కొలుచుకునేవాణ్ణి. లెక్కలు ఎలాగోలా నేర్చుకోవచ్చు. అలా నమ్మడం మాత్రం నాకు రాదు. అదీ ఆమెకే వచ్చు.

మళ్ళీ కడుపులో మంట మొదలైంది. గ్లాసు కడిగి, తర్వాతి చుక్కలు పట్టడానికి కూర్చున్నాను.